నిదానంగా మాట్లాడే ఇల్లు

ఆ ఇంట్లో గోల్డ్ మెడల్‌కి నచ్చింది ఒక్కటే, వాళ్ళు మాట్లాడే తీరు. మిగతాదంతా ఆమె ముక్కు మూసుకుని భరించింది.

గోల్డ్ మెడల్ అంటే అసలు పేరు కాదు లెండి. డిగ్రీలో స్పానిష్‌కి బంగారు పతకం వచ్చినప్పటి నుంచి ఇంట్లోవాళ్ళూ కాలేజీవాళ్ళూ ఆమెని అలాగే పిలుస్తున్నారు. ఆవిడగారు కూడా వద్దనలేదు. చదువుకున్న కాలేజీలోనే స్పానిష్ లెక్చరర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. దానికి పతకం ఒక్కటే చాలదనీ, ఆ భాష మాట్లాడే దేశంలో ఎవరింట్లోనైనా ఒక సెమిస్టర్ ఉండి, ఆఖర్న మౌఖిక పరీక్ష పాసై రావాలనీ అన్నారు. పోటీలో ఇద్దరు మిగిలారు. ఒకరు ఆమె, రెండోవాడు ఆమె క్లాస్‌మేటు. మాస్టారు ఏ ప్రశ్న వేసినా బల్లకేసి చూస్తూ కూర్చునే ఆ మనిషిని ఆమె మొదటి ఏడాది నుంచీ మొద్దబ్బాయి అనేది, అదీ మొహం మీదే. ఇద్దర్నీ ఒకే ఊళ్ళో, ఒకే భాషా పాఠశాలకి పంపారు. ఎవరికి ఎక్కువ మార్కులొస్తే ఉద్యోగం వాళ్ళది. మొద్దబ్బాయితో పోటీ పెట్టడమే తనకి తలవంపులని ఆమె విమానంలో అంతసేపూ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆమెకి కుదిర్చిన కుటుంబం మూడో అంతస్తులో ఉంటుంది. ఇంటావిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. ఇంటాయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. వెనక గదిలో ఆయన తల్లి ఉంటుంది. ఇంటావిడ గుమ్మంలోనే వాటేసుకుని, "ఈ ఆరు నెలలూ నన్ను మీ అమ్మే అనుకో" అంది. గోల్డ్ మెడల్ ఆ చేతుల్లోంచి మర్యాదగా బయటపడింది. కన్నతల్లి ఇంటి దగ్గర నిక్షేపంలా ఉండగా, ఏజెన్సీవాళ్ళు కుదిర్చిన అమ్మ ఒకతె తనకెందుకని ఆమెకి చిరాకేసింది.

హాలు గోడ నిండా ఇంతకుముందు వచ్చి ఉండి వెళ్ళిన అమ్మాయిల ఫోటోలు. ఒకమ్మాయి మోచేతుల దాకా పిండి పూసుకుని వంటింట్లో ఇకిలిస్తోంది. ఇంకొకతె సోఫాలో ఇంటావిడ ఒళ్ళో తల పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. వీళ్ళు చదువుకోడానికొచ్చారా, దత్తత పోవడానికొచ్చారా అనుకుంది గోల్డ్ మెడల్. తనకిచ్చిన గదిలో దుప్పటి తీసి పక్కన పడేసి, పెట్టెలోంచి తన దుప్పటి తీసి పరుచుకుంది. భోజనాల బల్ల దగ్గర కుర్చీని కాగితంతో తుడిచి మరీ కూర్చుంది. కడిగి పెట్టిన పళ్ళేన్ని వాళ్ళందరూ చూస్తుండగానే ఇంకోసారి కడుక్కొచ్చింది. అది శుభ్రత అని ఆమె ఉద్దేశం. ఎదుటివాళ్ళకి కళ్ళుంటాయన్న సంగతి ఆ బంగారు బుర్రకి తట్టలేదు.

ఆ మొదటి రాత్రి భోజనాల దగ్గర ఇంటావిడ ఆసుపత్రిలో జరిగిన ముచ్చట ఒకటి అందుకుంది. ఎవరో పెద్దమనిషి, పన్ను పీకడానికి ఇంజెక్షన్ ఇచ్చాక, మూతి మొద్దుబారిన సంగతి మరిచిపోయి ఆవిడతో దెబ్బలాటకి దిగాడట. వాడి మాటలు వాడికే అర్థం కాక ఇంకా రెచ్చిపోయాడట. ఇంటావిడ చేతులు తిప్పుతూ, మూతి వంకర పెట్టి వాణ్ణి అనుకరిస్తూ, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. ఇంటాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. గోల్డ్ మెడల్‌కి అందులో సగం అర్థమైంది. ఆ మిగతా సగం అర్థం కాకపోవడం ఆవిడ తప్పేనని ఆమెకి ఖాయమైంది. కథ అయిపోయాక అందరూ తన వైపు చూస్తే, మూతి తుడుచుకుని, "బాగుందండీ. కానీ మీరు రెండు చోట్ల తప్పు మాట్లాడారు. పుస్తకంలో అలా ఉండదు" అంది.

ఇంటాయన ముందు నవ్వాడు. తర్వాత భార్య మొహం చూసి ఊరుకున్నాడు.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో భాష మారిపోయింది. "కా…ఫీ… కా…వా…లా?" అనేది ఇంటావిడ. "ని…ద్ర… బా…గా… ప…ట్టిం…దా?" అనేది. పళ్ళు కనబడేలా నవ్వుతూ, ఒక్కో మాటా ఇస్త్రీ చేసిన బట్టలా మడతపెట్టి చేతికిచ్చేది. ఇంటాయన సరేసరి, ఆయన వృత్తే అది. "ఉప్పు… ఎడమ చేతి వైపు… మెల్లగా…" అంటూ భోజనాల బల్ల మీద కూడా బండి నేర్పించేవాడు. వాతావరణం, తిండి, నిద్ర. ఈ మూడూ దాటి నాలుగో సంగతి వాళ్ళ నోటి వెంట వచ్చేది కాదు. వంటింట్లో తలుపు వెనక మొగుడూ పెళ్ళాం గలగలా మాట్లాడుకుంటుండేవారు. ఆమె తలుపు తీసేసరికి కుళాయి కట్టేసినట్టు ఆగిపోయి, "మం…చి… నీ…ళ్ళా?" అనేవారు.

గోల్డ్ మెడల్ పొంగిపోయింది. చెప్పగానే దిద్దుకున్నారు, ఫర్వాలేదు, బుద్ధిమంతులే అనుకుంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు తల్లితో అదే చెప్పింది.

"నేనంటే ప్రాణం పెడతారమ్మా వీళ్ళు. నేనొకసారి చెప్పానో లేదో, ఎంత స్పష్టంగా మాట్లాడుతున్నారనుకున్నావ్!"

"వాళ్ళ భాష వాళ్ళకే నేర్పించావుటే?" అంది తల్లి.

"తప్పు ఎవరు మాట్లాడినా తప్పే కదా."

"సరేలే, పెద్ద చెప్పొచ్చావు. తాగిన కప్పైనా కడిగి పెడుతున్నావా?"

"అమ్మా! నేను వాళ్ళకి గెస్టుని."

తల్లి ఇంకేదో అనబోయి, అనీ లాభం లేదని తెలిసిన మనిషిలా ఫోన్ పెట్టేసింది.

మొద్దబ్బాయికి దొరికిన ఇల్లు ఒక కార్ల మెకానిక్‌ది. కింద షెడ్డు, పైన ఇల్లు. నలుగురు పిల్లలు, ఒక కుక్క, పొద్దస్తమానం కేకలు. వాడు పాఠశాలకి చొక్కా చేతులకి గ్రీజు పూసుకుని వచ్చేవాడు. "పాపం, నీకు సరైన ఇల్లు పడలేదు" అని గోల్డ్ మెడల్ నోరారా జాలిపడింది.

"మా ఇంట్లో నెమ్మదిగా మాట్లాడితే ఆకలితో చస్తాను. నాలుగు కేకలు పెడితే గానీ గిన్నె నా వైపు రాదు" అన్నాడు వాడు. ఆ మాట చెబుతూ ఎందుకో సంతోషంగా నవ్వాడు కూడా. మొద్దులకి సంతోషం తొందరగా వస్తుంది కాబోలనుకుని ఆమె పుస్తకం తెరుచుకుంది.

సెమిస్టర్ సగంలో పాఠశాలవాళ్ళు నమూనా పరీక్ష ఒకటి పెట్టారు. పరీక్ష పెట్టేది అక్కడి గడ్డం మాస్టారు. ఆయన ఇంటి ఓనరనుకోవాలి, ఆమె అద్దెకున్న మనిషి, కుళాయి కారుతోంది, పోట్లాడాలి. అంతే. గడ్డం మాస్టారు వీధిలో జనం మాట్లాడేట్టే మాట్లాడాడు, సగం మాటలు మింగేస్తూ, ఒకదాని మీద ఒకటి తోసేస్తూ. గోల్డ్ మెడల్ గుడ్లప్పగించింది. "మళ్ళీ చెప్పండి" అంది. ఆయన చెప్పాడు. "కొంచెం నిదానంగా" అంది. ఈసారి కూడా ఆయన తన ధోరణిలోనే చెప్పి, "కుళాయి ఎప్పుడో ఊడిపోయిందమ్మాయ్, ఇల్లంతా మునిగింది" అని నవ్వేశాడు. ఆమెకి ఆ నవ్వొక్కటే అర్థమైంది. ఆమె తప్పింది. మొద్దబ్బాయి పాసయ్యాడు.

తల తీసేసినట్టయింది ఆమెకి. ఉద్యోగం కళ్ళముందే మొద్దబ్బాయి గ్రీజు చేతుల్లోకి జారిపోతోంది. మెట్ల మీద వాణ్ణి ఆపి, "ఆయనేం మాట్లాడాడో నీకెలా తెలిసింది?" అని నిలదీసింది.

"మామూలుగానే మాట్లాడారు కదా?"

"మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు."

"మరెలా మాట్లాడతారు?"

ఆమె ఇంటావిడలా చేసి చూపించింది. వాడు చొక్కా చేతి మీది గ్రీజు మరక గోకుతూ విన్నాడు. "మా మెకానిక్ కూడా ఒక్కోసారి అలా మాట్లాడతాడు. నచ్చని కస్టమర్ ఎవరైనా వస్తే" అన్నాడు.

"నీ షెడ్డుకీ మా ఇంటికీ పోలికేంటి?" అని ఆమె విసవిసా వెళ్ళిపోయింది.

దారి పొడుగునా ఆలోచించి ఒక నిర్ధారణకొచ్చింది. వీళ్ళు బద్ధకస్తులు. గెస్టుతో నాలుగు ముక్కలు మాట్లాడి చేతులు దులిపేసుకునే రకం. ఆ రాత్రి బల్ల దగ్గర, "నాతో ఇకనుంచి మామూలుగా మాట్లాడండి" అని హుకుం జారీ చేసింది.

"మా…మూ…లు…గా…నే… క…దా" అంది ఇంటావిడ. రిసెప్షన్ బల్ల వెనక నుంచి, డాక్టరు గారు ఇంకా రాలేదండీ అని చెప్పే నవ్వు ఒకటి నవ్వింది. ఇంటాయన ఉప్పు ఎడమ వైపు నుంచి కుడి వైపుకి జరిపాడు.

ఇక మిగిలింది వెనక గది. ఆ గదిలో ముసలావిడ బల్ల దగ్గరికి వచ్చేది కాదు, కోడలు పళ్ళెం గదిలోకే పట్టుకెళ్ళేది. వచ్చిన కొత్తలో గోల్డ్ మెడల్ ఆ గుమ్మం ముందు నుంచి పోతుంటే ముసలావిడ లోపల్నుంచి ఏదో గట్టిగా అరిచింది. ఎవరు నువ్వు, దొంగలా నడుస్తావేం అన్నదని ఇంటాయన తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నోరు మంచిది కాదు, నాగరికం తెలియని మనిషి అని గోల్డ్ మెడల్ ఆ గదికి ఆమడ దూరంలో ఉండిపోయింది. ఇప్పుడు గోడకి చెవి పెట్టి వింటే ముసలావిడ రేడియోని తిడుతోంది. ఒక్క క్షణం ఆగకుండా, రేడియో తిరిగి జవాబు చెప్పేంత గట్టిగా తిడుతోంది. అచ్చం గడ్డం మాస్టారి వేగం. గోల్డ్ మెడల్ తలుపు తట్టింది.

"ఏం కావాలి?" అంది ముసలావిడ. మంచం మీద బాసింపట్టు వేసుకుని, ముందు ఒక ట్రే పెట్టుకుని పేకముక్కలు పేరుస్తోంది.

"మీతో మాట్లాడదామని."

"నాతో మాట్లాడే మాట ఏదైనా ఉందా నీ దగ్గర? లేదుగా. అయితే నోరు మూసుకుని కూర్చో. పేక కలుపు."

అలా మొదలైంది. రోజూ పాఠశాల నుంచి రాగానే ఆమె ఆ గదిలోకి వెళ్ళేది. ముసలావిడ ఆమెకి మహారాణి అని పేరు పెట్టింది. "మహారాణీ, ఆ ముక్క వేసినదాన్ని ఏ బడిలో పాస్ చేశారు?" అనేది. "శవాన్ని లేపి కూర్చోబెడితే ఇంతకంటే చురుగ్గా ఆడుతుంది" అనేది. "ఆలోచిస్తున్నావా, కునుకు తీస్తున్నావా? మొహం చూస్తే రెండూ ఒకలాగే ఉన్నాయి" అనేది. ఎవరి కోసమూ వేగం తగ్గించే అలవాటు ఆవిడకి పుట్టుకతోనే లేదు. అర్థం కాలేదంటే ఇంకా గట్టిగా తిట్టేది.

ఆట కూడా వింతగా ఉండేది. ముసలావిడ తన ముక్కలు ముక్కుకి ఆనించుకుని చూసుకునేది. తను ఎక్కడ తొంగిచూస్తుందోనని ఆవిడకి భయమనీ, దొంగాట ఆడేవాళ్ళకే అలాంటి అనుమానాలుంటాయనీ గోల్డ్ మెడల్ లోలోపల నవ్వుకుంది. "ఏం వేశావ్? నోటితో చెప్పి వెయ్!" అని ముసలావిడ ప్రతి ముక్కకీ అరిచేది. చెప్పి వేయడం తన మాటకి మంచి కసరత్తేనని ఆమె సరిపెట్టుకుంది. ముసలిదానికి పొద్దుపోవాలి, తనకి పరీక్ష గట్టెక్కాలి, ఇందులో ఒకరికొకరు రుణపడిందేమీ లేదని ఆమె ధోరణి. ఆవిడ ఒకప్పుడు ఏం పని చేసిందో, ఎంతమందిని కన్నదో, ఎందుకు గది దాటి రాదో ఆమె ఏనాడూ అడగలేదు. తిట్లు మాత్రం ఒక్కటీ పోనివ్వకుండా ఏరుకుని, రాత్రిపూట అద్దం ముందు నిలబడి మూతి తిప్పుతూ వల్లెవేసింది.

చెవి తెరుచుకుంది. అది మాత్రం నిజం, కాదనడానికి లేదు. బస్సులో వెనక సీటువాళ్ళ గొడవ అర్థమైంది. చిల్లర తక్కువిచ్చిన కొట్టువాణ్ణి ముసలావిడ బాణీలో నాలుగు దులిపితే వాడు బిత్తరపోయి చిల్లర చేతిలో పెట్టాడు. పాఠశాలలో రెండోసారి నమూనా పరీక్ష పెడితే, ఇంటి ఓనరు గడ్డం మాస్టారు నోరెత్తడానికి సందివ్వకుండా చెడామడా కడిగేసింది. ఆయన కనుబొమ్మలు ఎగరేసి, "ఇది ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నాడు. "నా కష్టం సార్" అంది గోల్డ్ మెడల్.

అసలు పరీక్ష శుక్రవారం. సోమవారం పొద్దున ఆమె గదిలోంచి వచ్చేసరికి హాల్లో చిన్న పెట్టె ఒకటి తయారుగా ఉంది. కోటు తొడుక్కున్న ముసలావిడని ఇంటాయన చెయ్యి పట్టుకుని గుమ్మం దాటిస్తున్నాడు.

"ఎక్కడికి?" అంది గోల్డ్ మెడల్.

"మా… చె…ల్లె…లి… ఇం…టి…కి" అన్నాడు ఇంటాయన. ముసలావిడ వెనక్కి తిరగకుండానే, "వెనకాల నిలబడి గుటకలు మింగకు మహారాణీ, పేక ఎత్తి పెట్టు" అంది. తలుపు మూసుకుంది.

గోల్డ్ మెడల్‌కి ఒళ్ళు మండిపోయింది. నాలుగు రోజుల్లో పరీక్ష. ఈ నాలుగు రోజులూ ఆ తిట్లే తనకి ఊపిరి. ఇన్ని నెలలూ నిదానంగా గొంతు నొక్కింది చాలక, ఆఖరి వారంలో ఉన్న ఒక్క నోరునీ ఇంట్లోంచి పంపేస్తారా? ఒంటికాలి మీద వంటింట్లోకి వెళ్ళింది. ఇంటావిడ పళ్ళాలు తుడుస్తోంది.

"మీరు కావాలనే చేస్తున్నారు!" అంది గోల్డ్ మెడల్. ముసలావిడ వేగం, ముసలావిడ దురుసుతనం రెండూ వాటంతటవే నోట్లోకి వచ్చేశాయి. "పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడి నా సెమిస్టరంతా నాశనం చేశారు. ఈ కొంపలో మనిషిలా మాట్లాడేది ఆవిడొక్కతే. ఆవిణ్ణి నా పరీక్ష వారంలోనే పంపాలా? శుక్రవారం దాకా ఆగితే మీకేం పోతుంది?"

ఇంటావిడ చేతిలో పళ్ళెం కింద పెట్టింది. గుడ్డ కూడా పక్కన పెట్టింది.

"కన్ను పోతుంది" అంది.

తర్వాత ఆవిడ ఆగలేదు. ఆ మొదటి రాత్రి పన్ను పీకించుకున్న వాడి కథ చెప్పిన వేగం అది. కాకపోతే ఈసారి నవ్వు లేదు.

"రేపు పొద్దున ఆవిడకి ఆపరేషన్. ఆసుపత్రి మా ఆడపడుచు ఇంటి పక్కనే, అందుకని అక్కడికి పంపుతున్నాం. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న కన్ను మసకేసి గోడలు తడుముకుంటోంది. అందుకే గదిలోంచి రాదు, అందుకే పళ్ళెం నేను పట్టుకెళ్తాను. నువ్వు రోజూ ఎదురుగా కూర్చుని పేకాడావే, ముక్కలు ముక్కుకి ఆనించుకుని ఎందుకు చూస్తోందని ఒక్కనాడైనా అడిగావా? ఏం వేశావో నోటితో చెప్పమని ఎందుకంటోందని అడిగావా? అత్తగారు రోజూ నాతో అనేది, ఈ పిల్ల చెవులు తెచ్చుకుంది గానీ కళ్ళు తెచ్చుకోలేదే అని. నేనే ఏమీ అనొద్దన్నాను, పోనీలే, ఆ ఒక్క గంటైనా ఆవిడకి తోడుంటుందని.

"నిదానంగా ఎందుకు మాట్లాడతామా? ఆ గోడ మీద పిల్లలందరితో ఇలాగే మాట్లాడాను. వాళ్ళతో అరిచాను, దెబ్బలాడాను, వాళ్ళు వెళ్ళిపోతుంటే ఏడ్చాను. నువ్వు వచ్చిన రోజే నా కుర్చీ తుడుచుకున్నావు, నా పళ్ళెం కడుక్కున్నావు. నిన్ను నవ్విద్దామని నేనొక కబురు చెబితే మా ఆయన ముందు నాకు మార్కులేశావు. సరే అనుకున్నాను. గెస్టుకి కాఫీ ఇవ్వాలి, నిద్రపట్టిందా అని అడగాలి. దానికి తొందరేముంది? నా దగ్గర బోలెడన్ని మాటలున్నాయమ్మా. నీతో చెప్పాలనిపించలేదు, అంతే. అర్థమైందా, లేకపోతే ఇదంతా మళ్ళీ నిదానంగా చెప్పమంటావా?"

అర్థమైంది. అదే వచ్చిన చిక్కు. ఒక్క మాట జారిపోలేదు, ఒక్క ముక్క మళ్ళీ చెప్పమనే అవసరం రాలేదు. ఇంటావిడ గొంతు ఎక్కడ వణికిందో, ఎక్కడ తమాయించుకుందో కూడా తెలిసింది. శుక్రవారం గోల్డ్ మెడల్ పరీక్ష పాసవుతుంది. మొద్దబ్బాయి కంటే నాలుగు మార్కులు ఎక్కువే తెచ్చుకుంటుంది, ఆ ఉద్యోగమూ ఆమెకే వస్తుంది. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం, పరీక్షలో ఎవరూ ఇంతకంటే కష్టమైనదేదీ అడగరు.

ఆ వంటింట్లో మాత్రం ఆమె సిగ్గుతో నిలువునా చచ్చిపోయింది. పుట్టి బుద్ధెరిగి అలాంటి సిగ్గు ఆమె ఎరగదు. ఏదో ఒకటి అనాలి. తప్పయిపోయిందని, ఆవిడకి కన్ను బాగవ్వాలని, నేనూ ఆసుపత్రికి వస్తానని. అన్నీ తెలుగులో గొంతు దాకా వచ్చాయి. స్పానిష్‌లో వెతికితే ముసలావిడ దగ్గర ఏరుకున్న మాటలే తగిలాయి. అవన్నీ తిట్లు. ఆ ముసలావిడ జన్మలో ఎవరికీ క్షమాపణ చెప్పిన మనిషి కాదు. ఇంటావిడ ఎదురుచూస్తోంది. నిజంగానే ఎదురుచూస్తోంది, చేతులు రెండూ ఖాళీగా పెట్టుకుని, ఆ పిల్ల మొహంలోకి చూస్తూ.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను" అంది గోల్డ్ మెడల్, పుస్తకంలో ఉన్నట్టే, ఒక్క తప్పు లేకుండా.